కణానికి టోపీ పెట్టే విద్య

(అమలాపురంలో సైన్స్ విద్యార్థులు, ఉపాధ్యాయులు, కోళ్ల రైతులు, రొయ్యల రైతులు కలిసి విన్న సాయంత్రపు ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. చివర్లో సభలోని వారు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడికి నా గొంతు ఆనకపోతే చెయ్యెత్తండి.

వైరస్ గురించి ఎవరు చెప్పినా ఒక మాట దగ్గర ఆగిపోతారు. "కణంలో దూరుతుంది, తన కాపీలు తీసుకుంటుంది, బయటికొస్తుంది" అంటారు. ఇంటర్ పుస్తకం కూడా దాదాపు అక్కడే ఆగుతుంది. నాకు ఆ మాటతో కొంచెం పేచీ ఉంది. కాపీ తీయడం వైరస్‌కి అంత కష్టమైన పనేం కాదు. తీసిన కాపీని కణం దగ్గర చెల్లుబాటు చేయించుకోవడం కష్టం. డెంగీ వైరస్‌కి మొత్తం పది ప్రొటీన్లే ఉన్నాయి. అంత పొదుపుగా బతికేది కూడా, తన ఆర్‌ఎన్‌ఏని దిద్దుకోవడం కోసం అందులో పెద్ద వాటా ఖర్చు పెడుతుంది. ఎందుకు పెడుతుందన్నదే ఇవాళ్టి సంగతి.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి మన డెల్టా బాగా తగిన చోటు. వానలు పడ్డాక డెంగీ జ్వరాలు మనకి కొత్త కాదు. తణుకు చుట్టూ కోళ్ల ఫారాలు, భీమవరం చుట్టూ చెరువులు, రావులపాలెం చుట్టూ అరటి తోటలు, ప్రతి పెరట్లో నాలుగు నాటుకోళ్లు. సంక్రాంతి దగ్గరపడితే ఆ కోళ్లకి జీడిపప్పు, బాదంపప్పు పెట్టి పెంచేవాళ్లు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు, పేర్లు చెప్పను. ఈ ప్రాణులన్నిటికీ వేరువేరు ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు ఉన్నాయి. అన్నిటికీ సమస్య ఒకటే. ఒక్కొక్కటి ఒక్కోలా దాటింది.

ముందు ఆ సమస్య ఏమిటో చూద్దాం.

మన కణంలో డీఎన్‌ఏ కేంద్రకంలో ఉంటుంది. దాన్నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తయారై బయటికి, అంటే సైటోప్లాజంలోకి వస్తుంది. అక్కడ రైబోజోమ్ దాన్ని చదివి ప్రొటీన్ కడుతుంది. అయితే రైబోజోమ్ ప్రతి ఆర్‌ఎన్‌ఏనీ చదవదు. ఆర్‌ఎన్‌ఏ ముందు కొసన ఒక క్యాప్, అంటే టోపీ, ఉండాలి. రిజిస్టరు కాని దస్తావేజు ఎంత చక్కటి దస్తూరీతో రాసినా భూమి మన పేరు మీదికి రాదు కదా, ఇదీ అంతే. ఆ క్యాప్ ఏమిటంటే, ఒక గ్వానోసిన్‌ని (గ్వానిన్, చక్కెర కలిసిన అణువు) తలకిందులుగా తిప్పి, మధ్యలో మూడు ఫాస్ఫేట్లు పెట్టి అతికిస్తారు. తర్వాత ఆ గ్వానిన్ 7వ స్థానంలో ఒక మిథైల్ సమూహం తగిలిస్తారు. ఆ పక్కనున్న మొదటి అక్షరం (ఆర్‌ఎన్‌ఏ గొలుసులో ఒక్కో కణికని, అంటే న్యూక్లియోటైడ్‌ని, అక్షరం అంటున్నాను) చక్కెర మీద, 2వ స్థానంలోని ఆక్సిజన్‌కి ఇంకో మిథైల్. ఇవన్నీ వరసగా జరగాలి. ముందు, కొసన ఉన్న మూడు ఫాస్ఫేట్లలో ఒకటి తీసేయాలి, తర్వాత గ్వానిన్ అతకాలి, ఆ తర్వాత మిథైల్‌లు.

సరే, క్యాప్ లేకపోతే ఏమవుతుంది? రైబోజోమ్ చదవకపోవడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, కణం గొడవ చేస్తుంది. మన కణాల్లో రిగ్-ఐ అనే ప్రొటీన్ ఉంది. ముందు కొసన మూడు ఫాస్ఫేట్లు ఊరికే బయటికి కనిపిస్తున్న ఆర్‌ఎన్‌ఏని అది పట్టుకుంటుంది. వెంటనే ఇంటర్‌ఫెరాన్ తయారవుతుంది, చుట్టుపక్కల కణాలన్నిటికీ హెచ్చరిక వెళుతుంది. ఐఫిట్1 అని ఇంకొకటుంది. అది ఇంకా చాదస్తం మనిషి. క్యాప్ ఉన్నా సరే, ఆ చక్కెర మీది రెండో మిథైల్ ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే ఆర్‌ఎన్‌ఏకి అంటుకుపోయి చదవనివ్వదు.

ఆ రెండో మిథైల్ ఎందుకుందో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. అది లేకపోయినా పరీక్షనాళికలో రైబోజోమ్ బాగానే చదువుతుంది. 2010లో వెస్ట్ నైల్ వైరస్‌తో చేసిన పరిశోధన దీన్ని విప్పింది. రెండో మిథైల్ పెట్టలేని వైరస్‌ని తయారుచేశారు. మామూలు ఎలుకల్లో అది నీరసపడిపోయింది. ఇంటర్‌ఫెరాన్ సంకేతం అందని ఎలుకల్లో మాత్రం మళ్లీ విజృంభించింది. అంటే ఆ మిథైల్ ఉన్నది చదివించుకోవడానికి కాదు, అనుమానం రాకుండా ఉండటానికి.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ క్యాప్‌ని శాస్త్రవేత్తలు మొదట మన కణాల్లో చూడలేదు, వైరస్‌లలో చూశారు. 1970ల నడిమిలో షాట్కిన్, ఫురుయిచి, మియురా వాళ్లు రియో వైరస్‌లోనూ, పట్టుపురుగుకి వచ్చే ఒక వైరస్‌లోనూ, బెర్నార్డ్ మాస్ బృందం వాక్సీనియా వైరస్‌లోనూ పట్టుకున్నారు. ఈ వైరస్‌లు క్యాప్ వేసే ఎంజైమ్‌లని తమ రేణువులోనే పెట్టుకు తిరుగుతాయి కాబట్టి పరీక్షనాళికలో గమనించడం తేలికైంది. దొంగ దగ్గర దొరికిన ముద్ర చూసి అసలు ముద్ర ఎలా ఉంటుందో తెలుసుకున్నామన్నమాట.

భీమవరం పేరు ఎత్తాను కాబట్టి ఒకాయన్ని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, ఫాస్ఫేట్ ఎంత ఉందో నీలిరంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. దశాబ్దాలపాటు జీవరసాయన ప్రయోగశాలల్లో అదే వాడారు. కండరంలో ఏటీపీని వాళ్లిద్దరూ బయటపెట్టింది 1929లో, జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది. ఆర్‌ఎన్‌ఏ కట్టడానికి వాడే నాలుగు ముడిసరుకుల్లో ఏటీపీ ఒకటి. కొసన మూడు ఫాస్ఫేట్లు మిగిలిపోతాయన్నానే, అవి ఇలాంటి ట్రైఫాస్ఫేట్ల నుంచి వచ్చినవే. అంతటితో అయిపోలేదు. 1940ల్లో అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. మిథైల్ సమూహాన్ని ఆర్‌ఎన్‌ఏకి అందించేది ఎస్-అడినోసిల్ మిథియోనిన్ అనే అణువు, పొట్టిగా సామ్. మిథైల్ ఇచ్చేశాక దాన్ని మళ్లీ నింపే దారిలో ఫోలేటు ఉంది. ఫాస్ఫేటూ, మిథైలూ రెండు దారుల్లోనూ ఆయన అడుగుజాడ కనిపిస్తుంది. ఇది కలిసొచ్చిన సంగతే, అయినా ఈ జిల్లాల్లో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాం?

ఇప్పుడు వైరస్‌ల దగ్గరికి వద్దాం. వైరస్‌కి ఉన్న చిక్కు ఏమిటంటే, కణం క్యాప్ వేసే పని కేంద్రకంలో జరుగుతుంది. డెంగీ, కరోనా లాంటివి కేంద్రకంలోకి పోకుండా బయటే కాపీలు తీసుకుంటాయి. అక్కడ క్యాప్ వేసిపెట్టే నాథుడు లేడు. కాబట్టి సొంతంగా వేసుకోవాలి.

డెంగీకి ఎన్‌ఎస్5 అనే ప్రొటీన్ ఉంది. దాని ప్రొటీన్లన్నిటిలో పెద్దది ఇదే, దాదాపు 900 అమైనో ఆమ్లాలు. వెనక భాగం కాపీలు తీసే పాలిమరేజ్. ముందు భాగం మిథైల్‌లు తగిలించేది. ఈ ముందు భాగంలో సామ్ కూర్చునే గది ఒక్కటే, పెట్టాల్సిన మిథైల్‌లు రెండు. గ్వానిన్ మీద ఒకటి పెట్టాక, ఆర్‌ఎన్‌ఏ కొస జరిగి వేరే భంగిమలో కూర్చుంటుంది, అప్పుడు చక్కెర మీద రెండోది పడుతుంది. ఫాస్ఫేట్ కొరకడం ఎన్‌ఎస్3 అనే ఇంకో ప్రొటీన్ చూసుకుంటుంది. ఇదంతా కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరల్లో చిన్న చిన్న సంచులు చేసుకుని, వాటి చాటున జరుగుతుంది. పని సగంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏ రిగ్-ఐ కంట పడకూడదు కదా.

చికున్‌గన్యా కూడా దోమే తెస్తుంది, దాని పద్ధతి వేరు. 2006లో మన ఊళ్లలో మంచాలకి అతుక్కుపోయినవాళ్లకి దాని కీళ్ల నొప్పులు ఇంకా గుర్తుంటాయి. దాని ఎన్‌ఎస్‌పి1 ప్రొటీన్ వరసనే తిరగేసింది. గ్వానిన్‌ని ఆర్‌ఎన్‌ఏకి అతికించాక మిథైల్ పెట్టడం లోకరీతి. ఇది ముందే జీటీపీకి (మూడు ఫాస్ఫేట్లున్న గ్వానోసిన్‌కి) మిథైల్ పెట్టి, దాన్ని తన మీద తగిలించుకుని, ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏకి బదలాయిస్తుంది. పన్నెండు ఎన్‌ఎస్‌పి1లు కలిసి పొర మీద వలయంగా కూర్చుని ఈ పని చేస్తాయని 2021లో బొమ్మలతో సహా తెలిసింది. రెండో మిథైల్ మాత్రం ఇది అసలు పెట్టదు. మరి ఐఫిట్1 ఊరుకుంటుందా? చికున్‌గన్యా చేరిన ఆల్ఫా వైరస్‌ల గుంపు ఉందే, అవి ఆర్‌ఎన్‌ఏ ముందు కొసని అక్కడికక్కడే మడిచి పెట్టుకుంటాయి, ఐఫిట్1కి పట్టు దొరకదు. ఒకే చిక్కుకి ఒకటి రసాయనంతో జవాబు చెబితే ఇంకొకటి మడతతో చెప్పింది.

కరోనా దగ్గర మనం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. దాని ఆర్‌ఎన్‌ఏ దాదాపు 30,000 అక్షరాలు, డెంగీ 10,700. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో ఇది చాలా పొడుగు. పొడుగు పెరిగితే తప్పులూ పెరుగుతాయి. మామూలు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ తాను రాసింది మళ్లీ చూసుకోదు. కరోనా వైరస్ ఎన్‌ఎస్‌పి14 అనే ప్రొటీన్ పెట్టుకుంది, దానికి రెండు ఉద్యోగాలు. ఒక కొసన తప్పు పడిన అక్షరాన్ని కొరికి తీసేస్తుంది. ఇంకో కొసన క్యాప్ మీద మొదటి మిథైల్ పెడుతుంది. రెండో మిథైల్ ఎన్‌ఎస్‌పి16 పెడుతుంది, పక్కన ఎన్‌ఎస్‌పి10 తోడు లేనిదే అది పని చేయదు.

ఇక గ్వానిన్ అతికించేది ఎవరన్నది కరోనాలో చాలాకాలం తేలలేదు. 2022లో వచ్చిన జవాబు విచిత్రంగా ఉంది. పాలిమరేజ్‌కి ముందు భాగంలో నిరాన్ అనే అంశం ఉంది. అది ఆర్‌ఎన్‌ఏ కొసని తీసుకెళ్లి ఎన్‌ఎస్‌పి9 అనే చిన్న ప్రొటీన్‌కి రసాయన బంధంతో కట్టేస్తుంది. తర్వాత జీడీపీని (రెండు ఫాస్ఫేట్లున్న గ్వానోసిన్‌ని) తెచ్చి, ఆ ఆర్‌ఎన్‌ఏని ప్రొటీన్ మీంచి దాని మీదికి మార్చి క్యాప్ చేస్తుంది. మన కణంలో గ్వానిన్ వెళ్లి ఎంజైమ్ మీద కూర్చుంటుంది, ఇక్కడ ఆర్‌ఎన్‌ఏనే వెళ్లి ప్రొటీన్ మీద కూర్చుంటోంది. ఎన్‌ఎస్‌పి15 అని ఇంకొకటుంది, అది ఆర్‌ఎన్‌ఏలో యు అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. కాపీ తీసేటప్పుడు మధ్యలో తయారయ్యే ఎదురుప్రతుల కొసన పొడుగ్గా మిగిలే యు వరసలు కణానికి అలారం మోగించేవి, వాటిని పొట్టి చేసి పెడుతుంది. మోగకుండా ఉండటానికి ఇంత శ్రమ.

ఇప్పుడు కోళ్లు. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి టెన్షన్ మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లూ వైరస్ క్యాప్ వేసుకోదు. దొంగిలిస్తుంది. ఇది కేంద్రకంలోకి పోయే రకం. దాని పాలిమరేజ్‌లో మూడు ముక్కలున్నాయి. పీబీ2 అనేది కణం అప్పుడే తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ క్యాప్‌ని పట్టుకుంటుంది. పీఏ అనేది క్యాప్ నుంచి 10, 13 అక్షరాల మధ్య కత్తిరిస్తుంది. పీబీ1 ఆ ముక్కకి కొనసాగింపుగా వైరస్ ఆర్‌ఎన్‌ఏ రాసేస్తుంది. తల మనది, మొండెం వైరస్‌ది. తల తెగిన మన ఆర్‌ఎన్‌ఏ ఇక ఎందుకూ పనికిరాదు, కాబట్టి దెబ్బ రెండు వైపులా. వెనక కొసన ఉండాల్సిన ఎ అక్షరాల తోక కోసం కూడా ఫ్లూకి వేరే ఎంజైమ్ లేదు. మూలప్రతి కొసన కొన్ని యులు వరసగా ఉంటాయి, పాలిమరేజ్ అక్కడ తడబడి వాటినే మళ్లీ మళ్లీ చదువుతుంది, తోక తయారైపోతుంది.

తడబడటాన్ని ఇంకా గొప్పగా వాడుకునేది కొక్కెర తెగులు వైరస్, పుస్తకాల్లో రాణిఖెత్ లేదా న్యూకాజిల్ వ్యాధి. దాని పి అనే జన్యువులో ఒక చోట పాలిమరేజ్ కొన్నిసార్లు జారుతుంది, మూలంలో లేని జి అక్షరం ఒకటి అదనంగా పడుతుంది. అక్కడి నుంచి మూడేసి అక్షరాల చదువు పక్కకి జరిగి, పి ప్రొటీన్‌కి బదులు వి అనే ప్రొటీన్ వస్తుంది. రెండు జిలు పడితే డబ్ల్యూ వస్తుంది. ఒకే జన్యువులోంచి మూడు ప్రొటీన్లు. పి కాపీ తీయడానికి కావాలి. వి చేసే పని, ఇంటర్‌ఫెరాన్ కబురు అందుకునే స్టాట్1 అనే ప్రొటీన్‌ని నాశనం చేయడం. కోడి కణాల్లో ఆ పని చక్కగా చేసే వి, మనిషి కణాల్లో అంతగా చేయలేదు. కోళ్లని ఊడ్చిపెట్టే ఈ వైరస్ వాటిని చూసుకునే మనిషికి మహా అయితే కళ్లకలక తెచ్చి వదిలేయడానికి ఇదొక కారణం. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇదే. జన్యువులో రాయనిది, రాసేటప్పుడు చేయి జారడం వల్ల పుట్టింది, ఏ ప్రాణిలో రోగం ముదరాలో తేల్చే వాటిలో ఒకటైంది.

క్యాప్ గొడవే లేకుండా బతికేవీ ఉన్నాయి. పోలియో తన ఆర్‌ఎన్‌ఏ కొసకి 22 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్‌ని కట్టుకుంటుంది, దాన్ని విపిజి అంటారు. ఆ ప్రొటీన్ మీద ముందు రెండు యులు రాసి, అక్కడి నుంచే కాపీ మొదలుపెడుతుంది. పేనుబంక పురుగులు అరటికి అంటించే బ్రాక్ట్ మొజాయిక్ వైరస్ పోటీ వైరస్‌ల (ఇంగ్లీషులో potyvirus, పందెం పోటీ కాదు) కుటుంబం, వాటికీ విపిజి ఉంది, ఇంకా పెద్దది. మొక్క కణంలో క్యాప్‌ని పట్టుకునే ఇఎఫ్4ఇ అనే ప్రొటీన్‌కి ఈ విపిజి నేరుగా అంటుకుంటుంది. ఆ ఇఎఫ్4ఇలో చిన్న మార్పు ఉన్న మిరప, లెట్యూస్ రకాలు కొన్ని పోటీ వైరస్‌లని తట్టుకుంటాయి. రైతులు తరతరాలుగా ఎంచుకున్న తట్టుకునే రకాల వెనక ఉన్నది ఇదని జన్యుశాస్త్రం తర్వాత చెప్పింది.

ఒక్క జాగ్రత్త. ఆర్‌ఎన్‌ఏ మీద కనిపించే ప్రతి మార్పూ వైరస్ చేసిందే కాదు. లోపలి ఎ అక్షరాల మీద పడే మిథైల్‌లు చాలావరకు మన కణం ఎంజైమ్‌లు పెట్టేవే. కాలేజీ పిల్లలు పరీక్షలో రెండూ కలిపేస్తుంటారు.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫ్లూలో కత్తెర పనిచేసే పీఏని అడ్డుకునే బలోక్సవిర్ 2018లో జపాన్, అమెరికాల్లో అనుమతి పొందింది. మిథైల్ పెట్టే ఎంజైమ్‌ల మీద మందు కట్టడం కష్టంగా ఉంది, ఎందుకంటే సామ్ కూర్చునే గది మన సొంత ఎంజైమ్‌లలోనూ దగ్గర పోలికతో ఉంటుంది. ఇక రెండో వైపు చూస్తే, ప్రయోగశాలలో ఆర్‌ఎన్‌ఏకి క్యాప్ వేయడానికి వాక్సీనియా వైరస్ ఎంజైమ్‌నే వాడుతున్నాం. కరోనాకి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో యుకి బదులు కొంచెం మార్చిన అక్షరం పెట్టారు, కణం అలారం మోగించకుండా. ఆ దారి చూపిన కరికో, వైస్మన్‌లకి 2023లో నోబెల్ వచ్చింది.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక విద్యార్థిని): మేడమ్, బొప్పాయి ఆకు రసం డెంగీ ఎన్‌ఎస్5ని ఆపుతుందా? మా ఇంట్లో అందరూ తాగిస్తారు.

జవాబు: ప్లేట్‌లెట్ల సంఖ్య మీద దాని ప్రభావం గురించి కొందరు పరిశీలించారమ్మా. డెంగీ రోగిలో అది వైరస్‌ని ఆపుతుందని మాత్రం రుజువు లేదు. డెంగీలో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోవడం వల్ల. జ్వరం తగ్గిన రోజుల్లోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. పొట్టనొప్పి, ఆగని వాంతులు, మత్తుగా ఉండటం కనిపిస్తే ఆసుపత్రికి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. రసం తాగించి ఊరుకుంటేనే నాకు భయం.

ప్రశ్న (కోళ్ల రైతు): కొక్కెరకి టీకా వేస్తున్నాం కదండీ, వైరస్ ఇలా జారుతూ ఉంటే టీకా పనిచేయదా?

జవాబు: పనిచేస్తుందండి. ఆ జి పడటం ఎంఆర్‌ఎన్‌ఏలో జరిగేది, వైరస్ అసలు జన్యువులో కాదు. పిల్ల వైరస్‌లకి మామూలు జన్యువే వెళుతుంది. పైగా ఎఫ్1, లసోటా, ఆర్2బి టీకాల వల్ల పుట్టే ప్రతిరక్షకాలు పట్టుకునేది వైరస్ పైపొర ప్రొటీన్లని, వి ప్రొటీన్‌ని కాదు. టీకా చల్లగా ఉంచకపోవడం, తాగే నీళ్లలో క్లోరిన్ ఉండగా కలపడం, ఇవీ మన దగ్గర టీకాని చెడగొట్టేవి.

ప్రశ్న (రొయ్యల రైతు): మరి తెల్లమచ్చలకి ఇందులో ఏమైనా ఉందాండీ? మీరు అన్నీ చెప్పి మా చెరువు ఒక్కటీ వదిలేశారు.

జవాబు: వదిలేసింది కావాలనేనండి, తెల్లమచ్చల వైరస్ డీఎన్‌ఏ వైరస్, చాలా పెద్దది. మీకు ఆర్‌ఎన్‌ఏ వైరస్ కావాలంటే నీలకంఠ రొయ్య పిల్లల్లో తోక తెల్లబడి చచ్చిపోయే జబ్బు, అది నోడా వైరస్. ఆ కుటుంబంలో కాపీ తీసే ప్రొటీనే క్యాప్ కూడా వేస్తుంది, వలయంగా కూర్చుంటుంది, ఇందాక చెప్పిన చికున్‌గన్యా లాగే. తెల్లమచ్చల మీద ఆర్‌ఎన్‌ఏతో ఒక ప్రయత్నం ఉంది. వైరస్ జన్యువుకి సరిపోయే జంటపోగు ఆర్‌ఎన్‌ఏని రొయ్యకి ఇంజెక్షన్ చేస్తే ప్రయోగశాలలో రొయ్యలు నిలబడ్డాయి. చెరువులో లక్షల రొయ్యలకి ఎవరు ఇంజెక్షన్ వేస్తారు? మేతలో కలిపి ఇచ్చే దారి గట్టిగా కుదిరేదాకా మీ చేతిలో ఉన్నది పీసీఆర్ పరీక్షలో వైరస్ లేదని తేలిన సీడ్ తెచ్చుకోవడం, నీళ్లలోకి పీతలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టుకోవడం. పక్క చెరువులో మచ్చలు కనిపించిన రోజున ఆ నీళ్లు కాలవలోకి వదలొద్దని ఆయనతో మాట్లాడుకోండి, ముందు బ్లీచింగ్ కొట్టించండి.